పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్స్ కావాలా? ముందు ఒక నోటుపుస్తకం కొనండి

ఏటా ఎండాకాలంలో నేను ఆమదాలవలస వస్తే, మా వీధి బీటెక్ కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురైనా వచ్చి అడిగేది ఒకటే: "అన్నయ్యా, అమెరికాలో పీఈ రాయాలంటే ఏ పుస్తకం చదవాలి?" నేను చెప్పేదీ ఒకటే. రెండొందల పేజీల రూళ్ల నోటుపుస్తకం ఒకటి కొనండి, పరీక్ష పుస్తకాల సంగతి తర్వాత చూద్దాం. నేనేదో దాస్తున్నానన్నట్టు చూస్తారు. ఆ నోటుపుస్తకం ఎందుకో ఒకచోట రాసి పెడితే ప్రతిసారీ చెప్పే పని తప్పుతుందని ఇది రాస్తున్నాను.

నేను సివిల్ వాణ్ణి. లైసెన్స్ తీసుకున్నది టెక్సాస్‌లో. కాబట్టి ఉదాహరణలు అటువైపే మొగ్గుతాయి. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకీ దారి ఇదే, పేపరు మాత్రం వేరు.

అసలు ఈ లైసెన్స్ దేనికి?

మన దగ్గర బీటెక్ పాసైతే ఇంజినీరే. ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం ఉంది గానీ, ఇంజినీర్లందరికీ కలిపి అలాంటి కేంద్ర చట్టం మనకు లేదు. కోల్‌కతా ప్రధాన కార్యాలయంగా ఉన్న ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ ఇచ్చే చార్టర్డ్ ఇంజినీర్ గుర్తింపుకు విలువ ఉంది, కానీ అది లేకుండా పని చేయకూడదనే నియమం లేదు.

అమెరికాలోనూ ఉద్యోగం చేయడానికి పీఈ అక్కర్లేదు. ఫ్యాక్టరీల్లో, సాఫ్ట్‌వేర్‌లో జీవితమంతా దాని ఊసే లేకుండా గడిపేవాళ్లు లక్షల్లో ఉంటారు. కానీ జనం వాడే వంతెన, బడి, మంచినీటి ప్లాంటు లాంటివాటి డ్రాయింగ్ మీద సీలు వేసి సంతకం పెట్టాలంటే పీఈ ఉండి తీరాలి. ఆ సంతకం పెట్టాక తప్పు జరిగితే కంపెనీతో పాటు మీరూ జవాబు చెప్పుకోవాలి.

ఇది మొదలైంది 1907లో, వయోమింగ్ రాష్ట్రంలో. కాలువ నీళ్ల హక్కు కోసం పెట్టుకునే దరఖాస్తులకు ప్లాన్లు జతచేయాలి. వాటిని లాయర్లు, నోటరీలు, ఎవరు పడితే వాళ్లు గీసి సంతకం పెట్టేస్తుంటే ఆ రాష్ట్ర ఇంజినీరు విసిగిపోయి చట్టం తెప్పించాడు. వంశధార నీళ్ల కోసం మన రైతులు పడే తగువులు తెలిసినవాడికి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. టెక్సాస్‌లో చట్టం రావడానికి కారణం మరీ ఘోరం. 1937లో న్యూ లండన్ అనే ఊరి బడిలో గ్యాస్ పేలి దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే అక్కడ ఇంజినీర్లకు లైసెన్స్ చట్టం వచ్చింది.

ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. లైసెన్స్ ఇచ్చేది అమెరికా దేశం కాదు, ఒక్కో రాష్ట్రంలో ఉండే బోర్డు. ఎన్‌సీఈఈఎస్ అనే సంస్థ దేశమంతటికీ పరీక్షలు పెడుతుంది, రికార్డులు దాస్తుంది, అంతవరకే. శ్రీకాకుళంలో తీసుకున్న డ్రైవింగ్ లైసెన్స్‌తో ఢిల్లీలో బండి నడపొచ్చు గానీ, టెక్సాస్ పీఈతో పక్కనున్న ఓక్లహోమాలో సీలు వేయడం కుదరదు. అక్కడికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకని ఏ రాష్ట్రంలో స్థిరపడతారో చూసుకుని, ముందే ఆ బోర్డు నియమాలు చదవండి. కాలిఫోర్నియా సివిల్ వాళ్లయితే భూకంపాల మీద ఒకటి, సర్వేయింగ్ మీద ఒకటి అదనంగా పరీక్షలు రాయాలి. కొన్ని రాష్ట్రాలు సోషల్ సెక్యూరిటీ నంబరు లేనిదే దరఖాస్తే ముట్టుకోవు.

ఊళ్లో ఉండగానే తేల్చుకోవాల్సినవి

మొదటిది పేరు. నవ్వకండి, మనవాళ్లకు దీని దగ్గరే సగం టెన్షన్. టెన్త్ సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్ మీద పూర్తిగా ఉంటుంది, డిగ్రీ మీద వెంకట రమణ రెండు ముక్కలు, ఇంకోచోట ఒకటే ముక్క. పరీక్ష సెంటర్లో గుర్తింపు కార్డు మీది పేరూ, రిజిస్ట్రేషన్‌లో పేరూ ఒకటి కాకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. ఎన్‌సీఈఈఎస్ ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్ట్ ఎదురుగా పెట్టుకుని, అందులో ఎలా ఉంటే అలాగే కొట్టండి. సర్టిఫికెట్లలో తేడా ఉంటే, రెండు పేర్లూ ఒకరివేనని ఊళ్లో ఉండగానే అఫిడవిట్ చేయించుకోండి.

రెండోది ట్రాన్స్‌క్రిప్టులూ సిలబస్సూ. అమెరికాలో ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ అబెట్. ఆ గుర్తింపు ఉన్న డిగ్రీ అయితే బోర్డు నేరుగా ఒప్పుకుంటుంది. మన బీటెక్‌ను చాలా బోర్డులు ఎన్‌సీఈఈఎస్ దగ్గర మూల్యాంకనానికి పంపమంటాయి. వాళ్లు సబ్జెక్టు వారీగా లెక్కేస్తారు: గణితం, మౌలిక శాస్త్రాలు కలిపి 32 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజినీరింగ్ సైన్స్, డిజైన్ 48 క్రెడిట్లు, ఇవిగాక భాష, చరిత్ర, అర్థశాస్త్రం లాంటి సాధారణ విద్య కొంత. నాకు తక్కువ పడింది ఈ చివరిదే. ఇంజినీరింగ్ కాలేజీలో చరిత్ర ఎవరు చెప్పారు మనకి! తర్వాత అక్కడి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రాలు కూర్చుని పూడ్చుకున్నాను.

అక్కడ ఎంఎస్ చేస్తే ఇదంతా తప్పుతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని రాష్ట్రాల్లో తప్పుతుంది. మిగతా చోట్ల ఎంఎస్ ఉన్నా బీటెక్ చూపించమంటారు.

ట్రాన్స్‌క్రిప్ట్ యూనివర్సిటీ నుంచే వాళ్లకు చేరాలి. మీ సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి ఇచ్చే మెమో) జిరాక్సు మీరు పంపితే పనికిరాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు ఇక్కడో మెలిక ఉంది. 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ వచ్చింది. అంతకుముందు కాకినాడ జేఎన్‌టీయూ కింద చదివినవాళ్ల డిగ్రీ మీద కాకినాడ పేరే ఉంటుంది, కాబట్టి కాగితాల కోసం కాకినాడే వెళ్లాలి. అదే ఏడాది జిల్లాలు మారి, శ్రీకాకుళంలో ఉన్న రాజాం విజయనగరంలోకి వెళ్లింది. పాత సర్టిఫికెట్ మీద ఒక జిల్లా, కాలేజీ వెబ్‌సైట్‌లో ఇంకో జిల్లా కనబడితే మూల్యాంకనం చేసేవాడు ఇవి రెండు కాలేజీలా అని అడుగుతాడు. ఒక వాక్యంలో వివరణ రాసి జతచేయండి, సరిపోతుంది.

సిలబస్ కాపీ మాత్రం మీ బ్యాచికి వర్తించిన రెగ్యులేషన్‌ది, అంటే ఆర్-16, ఆర్-19 అంటాం చూడండి, సరిగ్గా అదే సంపాదించి పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. నాలుగు రెగ్యులేషన్లు మారాక పాతది వెతకాలంటే చుక్కలు కనబడతాయి.

మూడోది, మీ కోర్సుకు ఎన్‌బీఏ (మన దేశంలో ఇంజినీరింగ్ కోర్సుల నాణ్యత చూసే బోర్డు) గుర్తింపు ఉందా, ఉంటే టైర్-1 కిందా, టైర్-2 కిందా అన్నది. ఒక దేశపు ఇంజినీరింగ్ డిగ్రీని ఇంకో దేశం సమానంగా గుర్తించేందుకు ఉన్న వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ 2014లో పూర్తి సభ్యత్వం పొందింది గానీ, దాని కిందికి వచ్చేది టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సులే. ఒప్పందం కింద ఉన్న డిగ్రీ అయినంత మాత్రాన ప్రతి బోర్డూ కళ్లు మూసుకుని తీసుకోదు, కానీ ఆ కాగితం చేతిలో ఉంటే ఉపయోగమే.

ఎఫ్‌ఈ పరీక్ష

ఎఫ్‌ఈ అంటే ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్, ఇది మొదటి మెట్టు. చదువు అయిపోయిన వేడిలోనే రాసేయండి. బీటెక్ నాలుగేళ్ల సబ్జెక్టులన్నీ ఇందులో ఉంటాయి, మూడేళ్లు ఆగితే ఫ్లూయిడ్ మెకానిక్స్ మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. ఏడు రకాల పేపర్లున్నాయి: సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్, ఇండస్ట్రియల్, ఇవేవీ కానివాళ్లకు అదర్ డిసిప్లిన్స్. కంప్యూటర్ మీదే పరీక్ష, ఏడాది పొడవునా ఉంటుంది. 110 ప్రశ్నలు, 5 గంటల 20 నిమిషాలు, అంటే ప్రశ్నకు మూడు నిమిషాలు కూడా ఉండవు. సగంలో ఒక విరామం ఇస్తారు. మొదటి సగం అప్పగించి బయటికి వెళ్లాక మళ్లీ ఆ ప్రశ్నల దగ్గరికి రానివ్వరు, కాబట్టి "తర్వాత చూద్దాం" అనుకున్నవన్నీ విరామానికి ముందే చూసేయాలి. ఫీజు నేను ఇది రాసేనాటికి 225 డాలర్లు.

కోచింగ్ కన్నా ముందు ఎన్‌సీఈఈఎస్ ఉచితంగా ఇచ్చే రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ దించుకోండి. పరీక్షలో తెర మీద కనిపించేది అదే. ఫార్ములాలు బట్టీ పట్టక్కర్లేదు. ఏ ఫార్ములా ఏ అధ్యాయంలో ఉందో, అందులో ఏ గుర్తు దేనికి వాడారో కళ్లకు అలవాటైతే చాలు. మనవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఫార్ములా నోటికొచ్చు, హ్యాండ్‌బుక్‌లో అదే ఫార్ములా వేరే అక్షరాలతో కనబడితే గుర్తుపట్టరు.

క్యాలిక్యులేటర్ విషయంలో మనది అదృష్టం. వాళ్లు అనుమతించే జాబితాలో క్యాసియో ఎఫ్ఎక్స్-991 రకాలన్నీ ఉన్నాయి, బీటెక్ మొదటి ఏడాది ఇంట్లో కొనిచ్చేది అదే కదా. కొత్తది కొనకండి, బొటనవేలికి అలవాటైన పాతదే తీసుకెళ్లండి.

యూనిట్లు మాత్రం చికాకు పెడతాయి. ఎఫ్‌ఈలో రెండు రకాలూ వస్తాయి, సివిల్ పీఈకి వచ్చేసరికి ఎక్కువగా అడుగులు, పౌండ్లు, కిప్‌లే (కిప్ అంటే వెయ్యి పౌండ్లు). కాలేజీలో మనం న్యూటన్లూ మిల్లీమీటర్లే చేశాం. అయితే సైట్లో పనిచేసినవాడికి ఇది కొత్త కాదు. మన మేస్త్రీ గోడ మందం చెప్పేది అంగుళాల్లో, గది కొలత అడుగుల్లో, స్థలం గజాల్లో, పొలం సెంట్లలో. ఆ చెవి ఉంటే సగం పని అయినట్టే.

ఒకసారి తప్పితే ప్రాణం పోయినట్టు ఇంట్లో కూర్చోకండి. పన్నెండు నెలల్లో మూడుసార్లు దాకా రాయొచ్చు.

ఇప్పుడు ఆ నోటుపుస్తకం

చాలా రాష్ట్రాలు డిగ్రీ తర్వాత నాలుగేళ్ల అనుభవం అడుగుతాయి. చాలాచోట్ల ఎంఎస్‌ను ఒక ఏడాదిగా లెక్కేస్తారు. కాలిఫోర్నియాలో అబెట్ డిగ్రీ ఉన్న సివిల్ వాళ్లకు రెండేళ్లు చాలు. వినడానికి సులువే, నాలుగేళ్లు ఉద్యోగం చేస్తే అయిపోతుందనిపిస్తుంది. కానీ బోర్డుకు కావాల్సింది జీతం తీసుకున్న నెలల లెక్క కాదు. ఏడాదికేడాది మీ మీద బాధ్యత ఎలా పెరిగింది, ఏ నిర్ణయం మీరు తీసుకున్నారు, పైన చూసిన ఇంజినీరు ఎవరు, ఇవి కావాలి.

నేను మొదటిసారి రాసుకున్న అనుభవం చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. "పలు నిర్మాణ ప్రాజెక్టుల్లో పాల్గొన్నాను, నాణ్యత పర్యవేక్షించాను." పెళ్లి సంబంధానికి పంపే బయోడేటా లాగ ఉంది. మా సీనియర్ చూసి, "ఇందులో ఇంజినీరింగ్ ఎక్కడుంది?" అన్నాడు.

ఎలా రాయాలో మనకు తెలిసిన పనితోనే చెబుతాను. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి రేకుల షెడ్డు వేస్తున్నారు, మీరు ఆ కన్సల్టెంట్ దగ్గర జూనియర్ అనుకోండి. "షెడ్డు పని చూశాను" అంటే అది కాపలా కూడా కావచ్చు. ఇలా రాయండి: 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పాత షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. కొత్త ట్రస్సుకు భారతీయ ప్రమాణం (కోడ్) ఐఎస్ 875 మూడో భాగం 2015 ప్రకారం గాలి భారం నేను లెక్కించాను. తీరానికి 60 కిలోమీటర్ల లోపు కాబట్టి, పరిశ్రమ భవనాలకు ఆ కోడ్ చెప్పే తుపాను గుణకం 1.15 తీసుకున్నాను. పైకి లేపే బలమే కీలకమని తేలడంతో హోల్డింగ్ డౌన్ బోల్టుల సైజు, పునాది బరువు మార్చమని ప్రతిపాదించాను. నా లెక్కను ఫలానా ఇంజినీరు సరిచూశారు. ఇందులో ఏం తెలిసింది, ఎందుకు అలా నిర్ణయించారు, ఎవరు చూశారు అన్నీ ఉన్నాయి. బోర్డువాడు చదివేది ఇదే.

ఇలాంటి వివరం నాలుగేళ్ల తర్వాత గుర్తుంటుందా? ఉండదు. అందుకే నోటుపుస్తకం. శుక్రవారం సాయంత్రం పావుగంట కూర్చుని ఈ వారం ఏ ప్రాజెక్టు, ఏ లెక్క, ఏ కోడ్, నేను ఏం నిర్ణయించాను, నా లెక్కలో పెద్దాయన ఏం తప్పు పట్టాడు అని రాసుకోండి. ఆ తప్పులు దాచకండి, ఎదుగుదల కనిపించేది అక్కడే. పైన ఉన్న ఇంజినీరు పేరు, లైసెన్స్ నంబరు, సొంత ఈమెయిల్ మొదటి పేజీలోనే ఉండాలి. ఆఫీసు ఈమెయిల్‌ను నమ్ముకోకండి.

ఇది చేయక నేను పడ్డ పాట్లు చెబుతాను. నా మొదటి రెండేళ్ల పని చూసిన ఆయన కంపెనీ మారాడు, ఆఫీసు ఈమెయిల్ ఆగిపోయింది. పాత కంపెనీ వాళ్లు ఉద్యోగం చేసిన తేదీలు ధ్రువీకరిస్తాం గానీ పని గురించి మాకు తెలీదన్నారు. ఆయన్ని పట్టుకుని సంతకం పెట్టించుకునేసరికి ఏడు నెలలు. పరీక్షకు చదివింది మూడు నెలలే.

ఆ సంతకాలు కూడా ఒకటీ అరా కాదు. ఎన్‌సీఈఈఎస్ రికార్డు కట్టుకోవాలంటే మీ గురించి చెప్పేవాళ్లు అయిదుగురు కావాలి, అందులో ముగ్గురు పీఈలై ఉండాలి. మనవాళ్లు మొహమాటంతో చివరి నెల దాకా అడగరు. చేరిన మొదటి ఏడాదే చెప్పండి: సార్, నాలుగేళ్ల తర్వాత మీ మాట కావాలి, నా పని కొంచెం గమనిస్తూ ఉండండి అని. ఎవరూ కాదనరు, పైగా మీకు మంచి పనులు ఇవ్వడం మొదలుపెడతారు.

ఇండియాలో చేసిన పనిని కొన్ని బోర్డులు లెక్కలోకి తీసుకుంటాయి, పీఈ కింద చేసిన పనికే విలువ ఇచ్చేవి కొన్ని. ఏదైనా సరే, భోగాపురం ఎయిర్‌పోర్టులోనో మూలపేట పోర్టులోనో సైట్ ఇంజినీరుగా ఉన్న కుర్రాళ్లు ఈ శుక్రవారం నుంచే రాయడం మొదలుపెట్టొచ్చు. సైట్లో కాంక్రీట్ పోయించడమే రాస్తే తక్కువ మార్కు. కాంక్రీట్ బలం తేల్చే క్యూబ్ టెస్టు ఫెయిలైనప్పుడు ఏం చేశారో రాస్తే ఎక్కువ.

పీఈ పరీక్ష

దీని గురించి ఎక్కువ చెప్పను, దొరికే సమాచారమంతా దీని గురించే. 80 ప్రశ్నలు, 8 గంటలు, ప్రశ్నకు ఆరు నిమిషాలు. ఫీజు 400 డాలర్లు. సివిల్‌లో అయిదు పేపర్లలో ఒకటి ఎంచుకోవాలి: కన్‌స్ట్రక్షన్, జియోటెక్నికల్, స్ట్రక్చరల్, ట్రాన్స్‌పోర్టేషన్, వాటర్ రిసోర్సెస్ అండ్ ఎన్విరాన్‌మెంటల్. సులువని ఎవరో చెప్పారని కాకుండా రోజూ ఏ పని చేస్తున్నారో అదే తీసుకోండి. టెక్సాస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్లు నిండకముందే ఇది రాయనిస్తారు. పెళ్లీ పిల్లలూ కాకముందే రాసేయడం మేలు, ఇది అనుభవం మీద చెబుతున్నాను.

దరఖాస్తు, సీలు

పరీక్షలు, అనుభవం, అయిదుగురి మాట, డిగ్రీ మూల్యాంకనం అన్నీ చేరాక బోర్డుకు దరఖాస్తు. టెక్సాస్ అయితే వృత్తి నీతి మీద ఒక ఆన్‌లైన్ పరీక్ష కూడా రాయాలి, పుస్తకం చూసి రాయొచ్చు. అందులో మళ్లీ మళ్లీ వచ్చే సంగతి ఒకటే: మీరు చేయని, మీ అజమాయిషీలో జరగని పని మీద సీలు వేయకూడదు. మన ఊళ్లలో సంతకానికి ఇంత అని రేటు పెట్టి, స్థలం మొహం కూడా చూడకుండా ప్లాన్ల మీద పెట్టేసేవాళ్లు ఉన్నారే, ఆ అలవాటుతో అక్కడికి వెళ్తే లైసెన్స్ ఊడుతుంది.

వచ్చాక కూడా వదలరు. టెక్సాస్‌లో ఏటా రెన్యూవల్, ఏటా 15 గంటల చదువు, అందులో ఒక గంట నీతి మీద. సర్టిఫికెట్లన్నీ ఒక ఫోల్డర్లో పడేస్తూ ఉండండి.

ఇంటికొస్తే?

ఆ సీలు ఇక్కడ చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి ప్లాన్ పెట్టాలంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, అందరూ ఎల్‌టీపీ అంటారు, ఆయన ద్వారా డీపీఎంఎస్ అనే ప్రభుత్వ ప్లాన్ల పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టాలి. దాని దారి వేరు: డిగ్రీ, అనుభవ పత్రం, ఫీజుతో ఇక్కడే దరఖాస్తు చేసుకుని లైసెన్స్ తీసుకోవాలి. 2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ (ప్లాన్ నిబంధనల ప్రకారమే ఉందని యజమాని, ఎల్‌టీపీ తామే ధ్రువీకరించే పద్ధతి) వచ్చాక 18 మీటర్ల లోపు ఇళ్లకు ఆ ఎల్‌టీపీ సంతకం బరువు ఇంకా పెరిగింది. ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లకు అమెరికా పరీక్షలకంటే ముందు చూడాల్సింది ఇదే.

పోయిన వేసవిలో నాన్న మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామన్నారు. శ్రీకాకుళం నుంచి ఎల్‌టీపీ కుర్రాడు వచ్చాడు, నాకంటే పదేళ్లు చిన్న. పాత డ్రాయింగ్ అడిగాడు, లేదన్నాం. అయితే పునాది దగ్గర ఒక గొయ్యి తవ్వి చూపించండి, అప్పుడే సంతకం అన్నాడు. మా మేస్త్రీ నావైపు తిరిగి, "ఏటి బాబూ, నీ అమెరికా సంతకం ఇక్కడ సెల్లదా?" అన్నాడు. చెల్లదన్నాను. గొయ్యి తవ్వారు. కుర్రాడు లోపలికి దిగి కొలతలు తీస్తుంటే, పైన టేపు రెండో కొస పట్టుకుని నిలబడ్డాను.